డాలర్ల దేవప్ప లేడు

జనవరి 20, సోమవారం

ఈ డైరీ సిమెంటు డీలర్ ఇచ్చిండు. ఇంట్ల పెడితె మా అమ్మ అద్దాలు పెట్టుకోని చదువుతది, మా ఆమె నాగరాణి అద్దాలు లేకుంటనే చదువుతది. అందుకని సంచిల పెట్టుకోని వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైల్ల రాస్తున్న. బీపీ పెరిగినప్పుడల్ల మనుషుల మీద అరవకుంట కాయితం మీద రాసుకోమన్నడు డాక్టరు. కాయితం తిరిగి అరవది. మంచిదే.

ఇయ్యాల అరిసేటిది ఏం లేదు, సంబరమే. ఇరవై రెండేండ్ల సంది తాండూరుల బండలు పాలిష్ కొట్టి హైదరాబాదుకు, పూణెకు పంపుతున్న. మొదటిసారి దుబాయి పార్టీ ఆర్డర్ ఇచ్చింది. ఆరు కంటెయినర్లు. నలభై వేల డాలర్లు. సరుకు పోయినంక మూడు నెలలకు పైసలు.

"మహిధర్ రెడ్డి, డాలర్ల మనిషి" అని అద్దం ముందట నిలవడి అనుకున్న. మా ఆమె విన్నది.

"డాలర్ల మనిషీ, గ్యాస్ బండ అయిపోయింది, మార్చు" అన్నది.

జనవరి 24

రుచిత మళ్ల అదే పాట. ఒక్కతే బిడ్డ, ఇరవై ఐదేండ్లు. అమీర్‌పేటల ఆడిటర్ దగ్గర మంచిగ కొలువు చేస్కుంట చేస్కుంట మానేసి దసరాకు ఇంటికొచ్చింది. మా పాలిష్ యూనిట్ల కూసుంటదంట.

"బండల పని ఆడపిల్లకేంది బిడ్డా, దుమ్ము, లారీలు, బూతులు" అన్న.

"బూతులు నువ్వు ఇంట్ల నేర్పించినవు గద డాడీ" అన్నది.

మా అమ్మ పడి పడి నవ్వింది. డెబ్బై ఎనిమిదేండ్ల ముసల్ది, గట్ల నవ్వితె దగ్గొస్తది. వచ్చింది.

జనవరి 28

సరుకు పోయింది. ఆరు లారీలకు ఆరు కొబ్బరికాయలు. దేవప్పనే కొట్టిండు. ఇరవై ఏండ్ల సంది నా మిషన్ల మీద ఆయనే మేస్త్రి, హస్తవాసి మంచిది. ఒక్క కాయ కుళ్లింది. ఏం కాదన్నడు.

ఫిబ్రవరి 3, సోమవారం

డాలరు ఎనభై ఏడు దాటింది! ఎన్నడు దాటలేదంట ఇంతకు ముందు. నేను ఏం చెయ్యలే, కిటికీ పక్కన కూసోని పల్లీలు తిన్న. గా పల్లీలు అయిపోయే లోపట నా నలభై వేల డాలర్లు ఇంకింత బరువైనయి. బండలు మొయ్యాలె, కొయ్యాలె, రుద్దాలె. డాలర్లకు ఏం చెయ్యనక్కర లేదు. ఇన్నేండ్లు తప్పు ధందా చేసిన్ననిపించింది.

బ్యాంకు నుంచి దీక్షిత మేడం ఫోన్ చేసింది. వికారాబాద్ బ్రాంచిల ఎగుమతుల పని ఆమెదే. "సార్, రేటు బాగుంది. కొంత అయినా ఇప్పుడే ఫిక్స్ చేసుకోండి. ఏప్రిల్ ఆఖరుకు ఎలా ఉంటుందో చెప్పలేం" అన్నది.

చెప్పలేమంట. నేను చెప్పగలుగుత.

ఫిబ్రవరి 5

రుచిత ఇయ్యాల నాతోని రైలెక్కింది. ధారూరు రాకముందే మొదలుపెట్టింది.

"డాడీ, మేడం చెప్పినట్టు సగం బుక్ చెయ్యి. ఇరవై వేల డాలర్లకు ఇప్పుడే రేటు కట్టేసుకుంటె, పైసలు వచ్చిననాడు మార్కెట్ల ఎంతున్నా మనకు ఎనభై ఏడున్నర ఇస్తరు. మిగిలిన సగం నీ ఇష్టం."

"ఉరికే గుర్రాన్ని ఎవడన్న కట్టేసుకుంటడా?"

"ఉరికే గుర్రం ఎటు మర్లుతదో నీకేం తెలుసు?"

నాకేం తెలుసంట! లాక్‌డౌన్‌ల యూనిట్ బందయినప్పుడు అందరు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటె నేను ధైర్యం చేసి షేర్లు కొన్న. పైపుల కంపెనీ, మందుల కంపెనీ, ఒక బ్యాంకు. ఐదేండ్లల్ల రెండింతల పైననే అయినయి. నడుమ ఎన్నిసార్లు పడలేదు? నేను కదిలిన్నా? పడ్డది లేస్తది, ఓపిక పట్టాలె. గిదే నా సూత్రం. గా సంగతి మా ఇంట్ల అందరికి తెలుసు, యాదికి లేకుంటె నేనే యాది చేస్త. ఇయ్యాల గూడ చేసిన.

"గా సూత్రం షేర్లకు డాడీ. డాలరుకు పనికిరాదు."

"రెండు మార్కెట్లే గద. ఎక్కుడు, దిగుడే గద."

"ఎక్కుడు దిగుడు ఒక్కతీరుగ ఉండది. నీ పైపుల కంపెనీ షేరు ఎందుకు లేసింది? లోపట మనుషులు పని చేస్తున్నరు. పైపులు అమ్ముడువోయినయి, లాభమొచ్చింది, ఇంకో ఫ్యాక్టరీ కట్టిన్రు. రేపు మన యూనిట్ల ఎవరన్న వాటా కొన్నరనుకో, వాళ్లు ఇంట్ల పండుకున్నా ఇక్కడ దేవప్ప మిషన్ తిప్పుతనే ఉంటడు. పడ్డది లేస్తదని ఓపిక పడతవు చూడు, లేపేటిది గా దేవప్ప. డాలర్ల దేవప్ప లేడు."

"మరి డాలర్ల ఎవరున్నరు?"

"ఇంకో నోటు ఉన్నది, గంతే. అది కాంట లెక్క. డాలరు ఎక్కింది అంటె రూపాయి దిగినట్టు. రెండు పల్లాలు ఒక్కసారి లేవయి. మంచి షేరు కొని పదేండ్లు పెట్టుకుంటె అందరు బాగుపడొచ్చు. డాలర్ల ఒకనికొచ్చింది ఇంకొకని దగ్గర పోయిందే."

"నా పెండ్లప్పుడు డాలరు ముప్పై ఆరు. ఇప్పుడు ఎనభై ఏడు. లేవలేదా?"

"లేసింది. ఇరవై ఏడేండ్లల్ల. నీకు పైసలు వచ్చేది మూడు నెలల్ల."

కిటికీల నుంచి చూసిన. తెల్లబండల కుప్పలు, కంది చేన్ల మోళ్లు.

ఆమె ఊకుంటదా? "నడక గూడ వేరే డాడీ. షేరు దిగుతె బాయిల బొక్కెన జారినట్టు, ఎక్కుతె చేదుకున్నట్టు. డాలరు గట్ల దుంకది. పైసల పైసల ఒక్క దిక్కే నెలల తరబడి నడుస్తది. ఇంక గిట్లనే పోతదని మనకు నిద్ర పట్టినంక మర్లుతది. మరీ ఉరికితె రిజర్వ్ బ్యాంకు ముకుతాడు గుంజుతది. షేరుకు గసొంటి ముకుతాడు లేదు."

పక్క సీట్ల తలపాగా ముసలాయన అప్పటి సంది వింటున్నడు. "గొర్ల రేటా బిడ్డా?" అని అడిగిండు.

"కాదు తాతా, డాలర్ రేటు."

"గదెంత ఈన్తదో" అన్నడు. ఈనదని రుచిత ఎంతో ఓపికగ చెప్పింది. ఆయనకు అర్థమైంది. "ఈననిదాన్ని పెంచుడెందుకు మరి?" అనుకుంట రుక్మాపూర్ల దిగిండు.

రుచిత నా దిక్కు చూసింది. నేను చూడలే.

దిగేటప్పుడు అన్న: "సరే. నీ మాట నిజమైతె యూనిట్ల నా పక్కన ఇంకో కుర్చీ వేపిస్త." నవ్వులాటకే అన్న. ఆమె నవ్వలే. చెయ్యి చాపింది. ఒట్టేసిన.

ఫిబ్రవరి 6

అన్నం కాడ అడిగింది. "సగం బుక్ చేసినవా డాడీ?"

"చేసిన" అన్న.

చేస్త అని అర్థం. భూతకాలం, భవిష్యత్తు, మాట్లాడేటప్పుడు కలిసిపోతుంటయి.

రేపు ఫోన్ చేస్త మేడంకు.

ఫిబ్రవరి 7

మేడం ఫోన్ ఎంగేజ్. ఒక్కసారి చేసిన.

ఫిబ్రవరి 10, సోమవారం

ఎనభై ఎనిమిది అంటుకుంటున్నది! బుక్ చేసుంటె ఏమయ్యేది? దేవుడే మేడం ఫోన్ ఎంగేజ్ పెట్టిండు. తొంభై అయినంక, అప్పుడు రుచితకు నిజం చెప్త. "బిడ్డా, మీ నాయిన నీకు అబద్ధమెందుకు చెప్పిండో తెలుసా? నీ మంచికే" అంట. ఆమె కండ్లు పెద్దగ చేసి చూస్తది. నేను మీసం మీద చెయ్యేస్త.

ఫిబ్రవరి 11

చిన్న కరెక్షన్. ఒక్కదినంల రూపాయి దాక దిగింది. షేర్లల్ల ఇసొంటివి ఎన్ని చూడలే.

ఫిబ్రవరి 26, శివరాత్రి

రెండు మార్కెట్లు బందు. పొద్దుగాలనే అందరం అనంతగిరికి పోయినం. మా అమ్మ మెట్ల కాడ ఆగి ఆయాసపడుకుంట "ఏం మొక్కుకున్నవు కొడుకా?" అని అడిగింది.

"అందరు సల్లగుండాలని" అన్న.

నిజానికి ఏం మొక్కుకున్ననో రాయడానికి గూడ సిగ్గైతున్నది. మన రూపాయి దిగాలని మొక్కుకున్న. గుడిల నిలవడి. అదీ ఉపాసం ఉండి.

మార్చి 4

డాలర్ సంగతి పక్కకు పెడితె, షేర్లు దసరా సంది దిగుతనే ఉన్నయి. ఐదు నెలలు. బొక్కెన బాయిల అడుగు తగలకుంట ఇంకా జారుతనే ఉన్నది.

ఐనా నాకేం పరేషాన్ లేదు. ఓపిక.

మార్చి 12

డాలర్ అలసిపోయింది. జర కూసున్నది.

మార్చి 19

డాలర్ నీళ్లు తాగుతున్నది.

మార్చి 21

పండుకున్నది.

మార్చి 24, సోమవారం

ఎనభై ఐదున్నర దగ్గర. టీవీల చెప్పిన్రంట, మా అమ్మ గుమ్మంలనే ఎదురొచ్చింది. "రూపాయి గట్టిపడ్డదంట కొడుకా! మంచిదే గద దేశానికి!"

"మంచిదే అమ్మా."

"మరి నీ మొకమేంది గట్లున్నది?"

"ఎండ" అన్న.

రుచిత లోపలి నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "మంచిపని చేసినం డాడీ, సగమన్న కట్టేసినం" అన్నది. మెల్లగ, నేను చిన్నవోవద్దని. నేను కాళ్లు కడుక్కుంటనని బయటికి పోయిన. అప్పటికే కడుక్కున్న. మళ్ల కడుక్కున్న.

మార్చి 27

మేడంకు ఫోన్ చేద్దామనుకున్న. ఎనభై ఏడున్నరకు వద్దన్నోడిని ఎనభై ఐదున్నరకు ఏం మొకం పెట్టుకోని చేస్త? మళ్ల ఎక్కనీ. ఎనభై ఏడు కాంగనే ఖాయంగ చేస్త. పడ్డది లేస్తది.

(లేపేటోడు ఎవరు అని రుచిత గొంతు వినవడ్డది. రైలు చప్పుడు కావచ్చు.)

ఏప్రిల్ 2

"డాడీ, ఆ బ్యాంకు కాంట్రాక్టు కాయితం ఇయ్యి, ఫైల్ల పెడత."

"యూనిట్ల బీరువల ఉన్నది."

"నేను తీసుకుంట, తాళం ఇయ్యి."

"తాళం దేవప్ప దగ్గర."

దేవప్పను అడిగిందంట. బీరువకు తాళమే లేదని చెప్పిండంట. మనిషి మరీ అంత నిజాయితీగ ఉండొద్దు.

ఎలుకలు కొట్టినయేమో చూస్త అన్న.

ఏప్రిల్ 7, సోమవారం

ఇది రాయాలె. రాయకుంటె తల పగులుతది.

రైలు కదిలేటప్పటికి మార్కెట్ తెరవలే. తెల్లారంగనే వార్తల చెప్పిన్రు, అమెరికా పన్నులు, లోకమంత పడుతున్నదని. తొమ్మిదిన్నరకు దగ్గర పడంగ ఫోన్ తెరిచి చూసిన. ఎర్రగ. పైనుంచి కింది దాక ఎర్రగ. పైపులు, మందులు, బ్యాంకు, ఏదీ మిగలలే. పక్కన ఎవరో లెక్చరర్ పిలగాడు "ఇంకో సగం పోతది సార్, ఇది ఆరంభమే" అన్నడు. వాని షేర్లు ఉన్నయా అని గూడ అడగలే నేను. చేతులు వాటంతట అవే పనిచేసినయి. అమ్ము. అమ్ము. అమ్ము. నడుమ సిగ్నల్ పోతె కిటికీల నుంచి చెయ్యి బయటికి పెట్టి మరీ అమ్మిన.

తాండూరుల దిగేటప్పటికి నా దగ్గర ఒక్క షేరు లేదు. ఐదేండ్లు పట్టుకున్నయి, పావుగంటల.

యూనిట్ల గల్లా కాడ కూసున్న. దేవప్ప సోడా తెచ్చిండు. కంగారయితె ఆయన నోట్ల కన్నడం వస్తది.

"యాకె సార్, గట్ల కూసున్నరు? మిషన్ ఆగలే గద?"

"ఆగలే."

"లారీ బోల్తపడ్డదా?"

"లే."

"మరి మొకమేంది సార్?"

ఏం చెప్త? మిషన్ తిరుగుతనే ఉన్నది. బండ మీద నీళ్లు పోసుకుంట కూలి హన్మమ్మ ఎవరినో తిడుతున్నది. నీళ్లు తెల్లగ కారుతున్నయి. లోకం మునిగినట్టు ఏం కనవడలే.

మంచిదే అయింది. మిగిలిందన్న దక్కింది. తెలివైన పని.

తెలివైన పనే.

ఏప్రిల్ 9

షేర్లు పడితె డాలర్ లేస్తదని నాకు ముందే తెలుసు. ఎనభై ఆరున్నర దాటింది! మేడమే ఫోన్ చేసింది.

"సార్, ఇప్పుడైనా బుక్ చేద్దామా? ఇంకా మూడు వారాలే ఉంది."

"ఆగండి మేడం. ఎనభై ఏడు కానీయండి."

"సార్, అంత పట్టుదల దేనికి?"

పట్టుదల కాదు. ఎనభై ఏడున్నరకు బుక్ చేసినట్టు ఇంట్ల చెప్పి ఉన్న. గా మాట దగ్గరికన్న రావాలె గద డాలరు. నేను ఒక అబద్ధాన్ని నిజం చెయ్యడానికి అమెరికా నోటు కోసం చూస్తున్న.

ఇది రాసినంక మళ్ల చదివిన. కొట్టేద్దామనుకున్న. ఉండనీ.

ఏప్రిల్ 15

షేర్లు ఎక్కినయి. వారం దినాలల్ల పడ్డదంత తిరిగి చేదుకున్నరు. గా లెక్చరర్ పిలగాడు మళ్ల కనవడ్డడు. "మీరు అమ్మలేదు గద సార్?" అన్నడు. వాడు అమ్మలేదంట.

రైల్ల నుంచి మనిషిని తోస్తె ఏ సెక్షనో తెల్వది.

ఏప్రిల్ 23

డాలర్ మళ్ల దిగుతున్నది.

ఏప్రిల్ 30

ఎనభై నాలుగున్నర. దుబాయి పార్టీ పైసలు వేసిండంట, రెండుమూడు దినాలల్ల వస్తయి.

కూసోని నిమ్మలంగ ఆలోచించిన. షేర్లల్ల పట్టుకోవాల్సి ఉండె, అమ్మిన. డాలర్లల్ల అమ్ముకోవాల్సి ఉండె, పట్టుకున్న. నా సూత్రం మంచిదే. పెట్టిన చోటే తప్పు. ఒక్కసారి కాదు, రెండుసార్లు, రెండు దిక్కుల. ఇంత సమానంగ తప్పు చేసుడు గూడ అందరికి రాదు.

మే 2, శుక్రవారం

పైసలు వచ్చినయి. తాండూరు పోలే. బ్యాంకుకు పోయి ఇంటికి వచ్చిన. మేడం రేటు చూపించింది, ఎనభై నాలుగు మీద చిల్లర. మార్పించిన. అన్ని. నలభై వేలు. యూనిట్ల జీతాలున్నయి, క్వారీ వాళ్లకియ్యాలె, ఓపిక పడదామన్నా దినాలు లేవు.

అన్నానికి కూసున్నం. జొన్నరొట్టె, పచ్చిపులుసు. రుచిత మాత్రం పళ్లెం పక్కకు పెట్టి లెక్క వేసింది. సగం ఎనభై ఏడున్నర, సగం ఇయ్యాలటి రేటు. మొకం వెలిగిపోయింది.

"నానమ్మా, విను. డాలర్ గిట్ల పడ్డా మనకు అరవై వేల పైన మిగిలినయి. ఎందుకో తెలుసా? డాడీ నా మాట విన్నడు." ఇంక వాళ్లమ్మ దిక్కు మర్లింది. "అమ్మా, అమీర్‌పేటల రెండేండ్లు చేసిన, ఒక్కసారి ఎవరు నా మాట వినలే. ఫైల్ తెమ్మంటె తెచ్చిన, జిరాక్స్ తియ్యమంటె తీసిన. డాడీ విన్నడు. ఇష్టం లేకున్నా విన్నడు."

మా అమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. నాగరాణి ఇంకో రొట్టె వేసింది, నెయ్యి పూసి. నాకు నెయ్యి బంద్ చేసి రెండేండ్లైంది.

గా రొట్టె పక్కకు జరిపిన.

"బిడ్డా, నేను బుక్ చెయ్యలే" అన్న.

"ఏంది?"

"బుక్ చెయ్యలే. చేసిన్నని చెప్పిన, చెయ్యలే. కాయితం లేదు. ఎలుకలు లేవు."

మా అమ్మ చెయ్యి ఇంకా నెత్తి మీదనే ఉన్నది. మెల్లగ తీసుకున్నది.

ఎట్లాగు చెప్తున్న గద అని రెండోది గూడ చెప్పిన. షేర్లు అమ్మిన్న అని. అది ఎవరు అడగలే.

రుచిత లెక్క రాసిన కాయితం చూసుకున్నది. నాలుగు మడతలు పెట్టింది. పళ్లెం దగ్గరికి గుంజుకోని పూర్తిగ తిన్నది. చెయ్యి కడుక్కోని లోపటికి పోయింది. అరుస్తదనుకున్న. అరిసుంటె బాగుండు.

మే 3

మాట్లాడలే.

మే 4, ఆదివారం

మాట్లాడలే. టీవీ రిమోట్ గూడ మా అమ్మ చేతికిచ్చి పంపింది.

నాగరాణి మాత్రం మాట్లాడింది. "పైసలు పోతె పోనీ. ఆరు కంటెయినర్లు పంపినోనివి, ఇంకో ఆరు పంపుతవు. అది మార్చిల భుజం మీద చెయ్యేసి మంచిపని చేసినం అన్నది చూడు, అప్పుడు కాళ్లు కడుక్కోవడానికి పోయినవు. రెండోసారి. నేను చూసిన. నీకు ఎట్ల మనసొప్పింది?"

ఒక్క జవాబు తెలుసు గని అది చెప్పుకునేటిది కాదు. ఒప్పుకుంటె తండ్రిని కాకుంట పోతననుకున్న. ఆమె ముందట తెలివైనోని లెక్క ఉండుడు అలవాటైంది నాకు. ఐదేండ్ల సంది గా షేర్ల మీదనే నిలవడి ఉన్న.

మే 5, సోమవారం

పొద్దుగాల నేను స్టేషనుకు పోయేటప్పటికి రుచిత ప్లాట్‌ఫారం మీద ఉన్నది. పక్కన నిలవడ్డ. రైలు పది నిమిషాలు లేటు.

"తాండూరుల ఫర్నిచర్ షాపుల కుర్చీ చెప్పిన. మధ్యాహ్నం వస్తది" అన్న. గెలిచింది గద.

"కుర్చీ వద్దు" అన్నది.

"మరి?"

"నువ్వు ఓడిపోయినవని ఇచ్చే కుర్చీ నాకెందుకు డాడీ? నేను డాలర్ ఎటు పోతదో చెప్పలే. నాకు తెల్వది. మేడంకు తెల్వది. ఎవరికి తెల్వదు కాబట్టే సగం కట్టేసుకోమన్న. రేటు తొంభై అయినా నేను అదే మాట అందును. నువ్వు దాన్ని పందెం చేసినవు."

రైలొచ్చింది. ఎక్కినం. ఆమె కిటికీ పక్కన, నేను ఎదురుంగ.

ధారూరు దాటినంక ఆమెనే అన్నది. "దుబాయి పార్టీ రెండో ఆర్డర్ పంపిండు, మళ్ల నలభై వేల డాలర్లదే. నేను చూస్త బ్యాంకు సంగతి. సంతకం నాది. నువ్వు బండ చూడు. నీ అంత మంచిగ బండ చూసేటోడు తాండూరుల లేడు."

"నన్ను నమ్ముతవా మళ్ల?" అని అడిగిన.

"బండ కాడ నమ్ముత" అన్నది. ఇప్పటికి గంతే.

గంతే అయినా మస్తు అనిపించింది.

మే 6

బ్యాంకు. సంతకం రుచిత పేరు మీదికి మారింది. ఆమె సగం బుక్ చేసింది. ఎనభై నాలుగున్నర మీద. "మొత్తం చెయ్యరాదా?" అని అడిగిన, నేనే. సిగ్గు లేకుంట.

"సగమే. ఎటు పోయినా సగం ఏడుపు, సగం నవ్వు."

దీక్షిత మేడం నా దిక్కు చూసి నవ్వాపుకున్నది. కాంట్రాక్టు కాయితం ముద్రేసి ఇచ్చింది. అది ఎట్లుంటదో మొదటిసారి చూసిన. చిన్న కాయితమే.

కుర్చీ దేవప్ప దగ్గర ఉన్నది. వాపస్ తీసుకోరంట. హన్మమ్మ అన్నానికి దాని మీదనే కూసుంటున్నది.

మే 8, గురువారం

సరిహద్దుల గొడవ వార్తలు. పొద్దుగాల సంది మా అమ్మ టీవీ ముందట నుంచి లేస్తలేదంట.

పదకొండింటికి ఫోన్ల చూసిన. డాలర్ ఒక్కదినంల దుంకుతున్నది. పైసల పైసల నడిచేదంట! గీ దినం గుర్రమే. చూస్తుండంగనే ఎనభై ఐదున్నర దిక్కు పోతున్నది. రుచిత బుక్ చేసి రెండు దినాలు గాలేదు. ఆగుంటె సగం మీద ఇరవై వేల పైన వచ్చేటియి.

అబద్ధమెందుకు, లోపట ఎగిరి గంతేసిన. సైనికులు సరిహద్దుల నిలవడి ఉంటె నేను గల్లా కాడ కూసోని గంతేసిన. సిగ్గు కలిగింది. సిగ్గుతోని పాటే ఏం మాట్లాడాల్నో గూడ తయారు చేసుకున్న. "ఏమ్మా, ఆడిటరమ్మా, ముకుతాడు ఎటువాయె?" ఇదొకటి. "డాలర్ల దేవప్ప లేడు గని దయ్యమున్నది" ఇంకోటి. రెండోది బాగున్నది. మూడు నెలల సంది తిన్న దెబ్బలకు ఒక్క జవాబన్న ఉండాలె గద.

ఆమె క్వారీకి పోయింది, రెండో ఆర్డర్ బండలు చూడడానికి. నేనే పొమ్మన్న, కన్ను అలవాటు కావాలని. రెండింటికి వచ్చింది. నెత్తి నుంచి కాళ్ల దాక తెల్ల దుమ్ము. కనుబొమ్మలు గూడ ముసలైనయి. నీళ్లు గూడ తాగలే, సీదా నా గల్లా ముందట వచ్చి నిలవడ్డది.

"డాడీ, నేను బుక్ చేసినంక డాలర్ రూపాయికి దగ్గర ఎక్కింది. ఇరవై వేల దాక నష్టం లెక్క. క్వారీల చూసిన పదకొండున్నరకు. రేపు ఇంకా ఎక్కొచ్చు. నా నిర్ణయమే అది. వేరేటోళ్లు చెప్పకముందు నేనే చెప్పాల్నని వచ్చిన."

తిట్లకు తయారుగ నిలవడ్డది. చేతులు వెనక్కి కట్టుకోని.

నేను తయారు చేసుకున్న రెండు మాటలు నాలుక మీదనే ఉన్నయి. గా దయ్యం మాట మంచిగుండె.

"ఎట్ల వచ్చినవు?" అని అడిగిన.

"ట్రాక్టర్ మీద. బస్సు సాయంత్రం దాక లేదన్నరు."

"ఫోన్ల చెప్పొచ్చు గద బిడ్డా. ఇంత ఎండల."

"ఫోన్ల చెప్పేది కాదు. మొకం చూసి చెప్పాలె" అన్నది.

క్వారీ నుంచి యూనిట్ దాక ట్రాక్టర్ మీద, గా ఎండల, ఎగిరెగిరి పడుకుంట, ఇరవై వేల నష్టం పట్టుకోని వచ్చింది నా బిడ్డ. నేను ఫిబ్రవరి సంది మే దాక ఒక్క అన్నం గదిల ఆమె ఎదురుంగ కూసున్న, రోజు రెండు పూటల.

"బుక్ చెయ్యని సగం మీద గంత లాభం వచ్చింది గద" అన్న.

ఆమె ఒక నిమిషం నన్ను చూసింది. మొకం మీద దుమ్ము పగిలి నవ్వొచ్చింది. "అవును గద" అన్నది. పక్కనున్న కొత్త కుర్చీల కూలవడ్డది. దాని మీది నుంచి అప్పుడే లేసిన హన్మమ్మ గిన్నె తీసి పక్కకు జరిగింది.

"బండ ఎట్లున్నది?" అని అడిగిన.

"పై వరుస మంచిగున్నది. కింది వరుసల గీతలున్నయి, వద్దని చెప్పిన. క్వారీ మేస్త్రి గొడవ పెట్టుకున్నడు."

"తిట్టినవా?"

"తిట్టిన."

"ఏమని?"

చెప్పింది. నేను గూడ వాడని మాట. దేవప్ప మిషన్ ఆపి మరీ చూసిండు.

నీళ్లు నేనే ముంచి ఇచ్చిన. రెండు చెంబులు తాగింది. క్వారీ మేస్త్రి ఫోన్ చేసిండు, నాకే. కింది వరుస ఎందుకు వద్దన్నరని మొర పెట్టుకున్నడు. "మేడం ఉన్నది, ఆమెను అడుగు" అని ఫోన్ రుచిత చేతికిచ్చి బయటికి వచ్చిన. లారీ వచ్చింది, బండలు దింపుతున్నరు.